పిట్ట ఆగినా ఆగని నాంచారి

రవ్వలకోట రాజ్యంలో ఒకనాడు ఏ ఇంటా పొయ్యి రాజుకోలేదు. ధూమకేశుడనే మాంత్రికుడు నిప్పునంతా ఎత్తుకుపోయి ఏటి అవతలి గుహలో దాచేశాడు. పిల్లలకు గంజి కాచే దిక్కు కూడా లేకపోయింది. నిప్పు తెస్తామని వెళ్లినవాళ్లెవరూ తిరిగి రాలేదు. కుమ్మరి కొమరయ్యా అంతే. చివరికి అతని చెల్లెలు నాంచారి అమ్మ వద్దంటున్నా వినకుండా అడవి దాటి ఆ ఏటి ఒడ్డుకు చేరింది.

పాపం, అక్కడ చూస్తే ఏముంది? ఏటికి అడ్డంగా మంచమంతేసి దాటురాళ్లు. వాటి మీద శిలలైపోయిన మనుషులు! రెండో రాయి మీదున్నది అన్నే.

ఒడ్డున కాపలా కూర్చున్న ఒక భూతం గొంతు సవరించుకుంది.

"పిల్లా, ధూమకేశుడి నియమం విను. అదిగో, ఆ చెట్టు మీది పిట్ట కూస్తోందా చూడు. కూస్తుంటే మూడు రాళ్లు దాటు. దాటాక మళ్లీ చూడు. కూయకపోతే కూసేదాకా అక్కడే ఆగు. తప్పితే రాయివే!"

"మా అన్న ఏం తప్పాడు మామా?"

"అది చెప్పమని నాకెవరూ చెప్పలేదే!"

నాంచారి కళ్లు తుడుచుకుని శిలలకేసి చూసింది. అందరి మొహాలూ పిట్ట ఉన్న చెట్టు వైపే తిరిగి ఉన్నాయి. ప్రతి మూడో రాయీ మాత్రం ఖాళీ.

"మామా, నియమం ఇంకోసారి చెప్పవూ?"

భూతం పొల్లు పోకుండా మళ్లీ అదే చెప్పింది. "అయ్యో! కూత ఆగిందని వీళ్లంతా నడిమధ్యలో ఆగిపోయారు. మధ్యలో చూడమని ఎవరన్నారు?" అనుకుంది నాంచారి. కానీ తన లెక్క తప్పితే? అమ్మకు ఇద్దరు పిల్లలూ దక్కరు.

పిట్ట కూసింది. నాంచారి మొదటి రాయి మీద కాలు పెట్టిందో లేదో, కూత ఠక్కున ఆగిపోయింది. ఆగిపొమ్మని కాళ్లు మొరాయిస్తున్నాయి. పళ్లు బిగబట్టి రెండో రాయి ఎక్కింది. అన్న పక్కనే ఉన్నా ఆగలేదు. మూడోది కూడా ఎక్కి, చేతులు చూసుకుంది. వేళ్లు కదులుతున్నాయి!

పిట్ట ఇంకా కూయలేదు. ఇప్పుడు మాత్రం ఆగాలి. కూత వినపడేదాకా నిలబడింది. అలా చూడాల్సిన చోటే చూస్తూ, ఆగాల్సిన చోటే ఆగుతూ గుహ చేరి, ధూమకేశుడి కంట పడకుండా అక్కడి నిప్పుతో కాగడా వెలిగించుకొచ్చింది. ఆ వెలుగు పడగానే శిలలన్నీ మనుషులయ్యాయి.

"పిట్ట ఆగింది కదే! అందుకే ఆగాను," అన్నాడు కొమరయ్య బిత్తరపోయి.

"మూడూ దాటాక చూడమన్నారన్నయ్యా!" అంటూ అతన్ని పట్టుకుని బావురుమంది నాంచారి.

రాజుగారు ఆమెను మంత్రిని చేశారు. ఆ పూట ఇంట్లో పొయ్యి రాజుకుంది, వేడివేడి అన్నం వండారు. కొమరయ్య ముద్ద నోట్లో పెట్టుకున్నాడో లేదో, బయట ఏదో పిట్ట కూత ఆపింది. అతని చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ముందు తినరా నాయనా!" అంది అమ్మ.