మూడో అంతస్తు లిఫ్టులో ఆవిడ

ఆ ఆసుపత్రి లిఫ్టుకి మంచి పేరు లేదు.

పగలంతా బుద్ధిగా పైకీ కిందికీ తిరుగుతుంది. రాత్రి రెండూ పదికి మాత్రం... ఎవరూ బటన్ నొక్కకుండానే దానంతటది కదులుతుంది. నేరుగా మూడో అంతస్తుకి పోయి ఆగుతుంది. తలుపులు తెరుచుకుంటాయి. లోపల ఎవరూ ఉండరు. ఎవరో మెల్లగా దిగుతున్నట్టు కాసేపు తెరుచుకునే ఉండి, మళ్లీ మూసుకుంటాయి.

ఎప్పుడో ఒక ముసలావిడ మూడో అంతస్తులో పోయిందట. ఆవిడ మందు వేళ రెండూ పదట. రావలసిన మాత్రల కోసం ఇప్పటికీ ఎక్కి వెళుతోందట. ఎదురుపడిన వాళ్లని "నాయనా... నా మందు వేళైంది" అని అడుగుతుందట. చీకటి పడితే నర్సులందరూ మెట్లదారే పట్టేవాళ్లు. వాచ్‌మన్ అయితే లిఫ్టుకి వీపు పెట్టి కూర్చునే సాహసం చేసేవాడు కాదు.

ఈ కథకి భయపడని మనిషి అక్కడ ఒక్కడే - లిఫ్టు మెకానిక్. ఎందుకు భయపడతాడు? ఆ ముసలావిడని పుట్టించిందే అతను.

ఖాళీ లిఫ్టు ఫలానా వేళకి ఫలానా అంతస్తుకి పోయి నిలబడేలా యంత్రంలో ఏర్పాటు చేసుకోవచ్చు. రెండు నిమిషాల పని. ఆ పని కానిచ్చి, కిందికొచ్చి, వాచ్‌మన్ పక్కన టీ తాగుతూ, గొంతు బాగా తగ్గించి ముసలావిడ సంగతి చెప్పాడు. వాచ్‌మన్ నోట్లో నువ్వుగింజ నానదు. వారం తిరిగేసరికి ఆసుపత్రి అంతా పాకింది. లిఫ్టు చూసిపెట్టమని పిలిచినప్పుడల్లా మెకానిక్ గంభీరంగా వచ్చి, గంటసేపు తట్టి కొట్టి, రిజిస్టర్లో "లోపం ఏమీ లేదు" అని రాసి సంతకం పెట్టేవాడు.

ఇంత నాటకం ఎందుకంటే, బటన్లుండే రేకు వెనకాల అతనొక మాత్రల షీటు దాచుకున్నాడు. దెయ్యం కాపలా ఉన్న చోటికి దొంగలు కూడా రారు కదా.

మూడేళ్ల కిందట లిఫ్టు గోతిలో పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. నొప్పికి నల్లమందు జాతి మాత్రలిచ్చారు. నొప్పి ఆరు నెలల్లో పోయింది, మాత్రలు పోలేదు. రోజుకి రెండు కాస్తా నాలుగై, నాలుగు కాస్తా ఎనిమిదయ్యాయి. ఒక్క పూట ఆలస్యమైతే వణుకు, వాంతులు, ఎముకల్లో చీమలు పాకుతున్నట్టు బాధ. మానేస్తానని మూడుసార్లు గదిలో తలుపేసుకున్నాడు. మూడుసార్లూ రెండో రోజుకే తలుపు తీశాడు. నలుగురినీ నవ్వించే మనిషి, ఇంట్లో గోడకి చేరగిలబడి తూగుతూ ఉండేవాడు.

తొమ్మిదేళ్ల కూతురు రాత్రిళ్లు లేచొచ్చి, తండ్రి ముక్కు దగ్గర వేలు పెట్టి, ఊపిరి తగిలాక వెళ్లి పడుకునేది. ఒక రాత్రి అది తల్లి కంట పడింది. ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. తెల్లారగానే మొగుణ్ణి వెంటబెట్టుకుని ఈ ఆసుపత్రికి వచ్చింది.

"మత్తిచ్చి పడుకోబెట్టి విరుగుడు ఎక్కిస్తాం. రోజుల తరబడి పడే యాతన చాలావరకు నిద్రలోనే గడిచిపోతుంది" అంది డాక్టరమ్మ. "ప్రమాదం లేదని మాత్రం చెప్పను. గుండెనీ ఊపిరినీ కనిపెట్టుకుని ఉంటాం."

భార్య కాగితం మీద సంతకం పెట్టింది.

"ఇంకొక్క మాట" అని డాక్టరమ్మ అతని వైపు తిరిగింది. "ఒంట్లోంచి కడగడం వరకే మా వంతు. ఆ తర్వాత మీ ఒంటికి పాత అలవాటు ఉండదు. ఇన్నాళ్లూ మింగినన్ని ఒక్కసారి మింగినా ఊపిరి ఆగిపోతుంది. ఎక్కడైనా దాచి ఉంటే ఇప్పుడే చెప్పేయండి."

"అబ్బే, ఒక్కటి కూడా లేదండీ" అన్నాడు మెకానిక్, పాలు తాగే పిల్లాడి మొహం పెట్టి.

నర్సు అతని సంచీ, సబ్బుపెట్టె, చెప్పుల అడుగులు కూడా వెతికింది. చొక్కా కాలర్ కుట్టులో ఉన్న రెండు మాత్రలు ఆవిడకి దొరకలేదు.

పడుకోబెట్టారు. కడిగారు. గంటలు గడిచాక కళ్లు తెరిచాడు. ఒళ్లు పిండేసిన గుడ్డలా ఉంది గానీ, వణుకు లేదు. భార్య పక్కనే కూర్చుని ఉంది. చెప్పిన అబద్ధం తలుచుకుంటే అతనికే సిగ్గేసింది, గుండె నిండిపోయింది. ఇక జన్మలో ముట్టనని లోపల గట్టిగానే అనుకున్నాడు.

అది మొదటి రాత్రి మాట.

రెండో రాత్రి నిద్ర పట్టలేదు. ఒళ్లు అడగటం లేదు, బుర్ర అడుగుతోంది. ఒక్కసారి... ఆఖరిసారి. కాలర్లో రెండున్నాయి గానీ, ఎనిమిదికి మరిగినవాడికి రెండు ఏ మూలకి? డాక్టరమ్మ మాట గుర్తొచ్చింది. డాక్టర్లు అలాగే బెదిరిస్తారులే అని సర్దిచెప్పుకున్నాడు. పక్క మంచం ఖాళీగా ఉంది. భార్య బాత్రూముకి వెళ్లి ఉంటుందనుకున్నాడు. ఆసుపత్రి అంగీ మీద తన చొక్కా తొడుక్కుని, మందు పోసే స్టీలు చెంచా చేతబట్టుకుని, గోడ పట్టుకుంటూ బయల్దేరాడు.

మూడో అంతస్తు వరండాలో ఎవరూ లేరు... గోడ గడియారం రెండూ పది చూపిస్తోంది.

లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. ఎవరూ లేరు.

"నమస్కారం ముసలమ్మా" అని నవ్వుకుంటూ లోపలికి అడుగుపెట్టాడు. తలుపులు మూసుకున్నాయి. చెంచా కాడతో స్క్రూలు తిప్పి రేకు ఊడదీశాడు. చెయ్యి పెట్టి తడిమాడు...

వైర్లు. దుమ్ము. షీటు లేదు.

ఇంకాస్త లోపలికి చెయ్యి దూర్చేలోగా లిఫ్టు కదిలింది. అతను ఏ బటనూ నొక్కలేదు. కిందికి జారి... అంతస్తుల మధ్య ఎక్కడో టక్కున ఆగిపోయింది. లైటు ఆరిపోయింది. కరెంటు పోతే వెలగాల్సిన చిన్న బల్బు వెలగలేదు. అది మాడిపోయి ఏడాదైంది. మార్చినట్టు రిజిస్టర్లో రాసింది మాత్రం తనే.

చీకట్లో రేకు జాలీలోంచి గరగరమని చప్పుడు. ఆ వెనకే ఒక గొంతు...

"దేనికోసం... వెతుకుతున్నావు?"

మెకానిక్ చెంచాని వీపు వెనక దాచుకున్నాడు. "లి...లిఫ్టు చూద్దామని..."

"అబద్ధం."

గొంతు మళ్లీ గుసగుసలాడింది. "ఇది దొరికింది. మిగతావి... ఎక్కడ?"

ఇంత పెద్ద దెయ్యానికి అబద్ధం చెప్పేంత ధైర్యం అతనికి లేదు. కళ్లు గట్టిగా మూసుకుని, పాఠం అప్పజెప్పినట్టు మొదలుపెట్టాడు. గడియారాల కొట్టున్న మేడలో లిఫ్టు నెత్తిమీద ఒకటి, దంతవైద్యుడి మేడలో మోటారు గదిలో ఒకటి, బట్టల గోదాంలో గ్రీజు డబ్బా అడుగున రెండు. "అంతే తల్లీ... నా కూతురి మీద... కాదు, దాని మీద వద్దు. నా మీద ఒట్టు."

జాలీలో చప్పుడు ఆగిపోయింది. చీకటి, నిశ్శబ్దం. హమ్మయ్య అనుకున్నాడు.

"నాయనా..."

ఈసారి గొంతు జాలీలోంచి రాలేదు. చెవి పక్కనుంచి వచ్చింది.

"కాలర్లోవి కూడా ఇచ్చెయ్యి. నా మందు వేళైంది."

పళ్లతో కాలర్ కుట్టు తెంపేశాడు. రెండు మాత్రలూ అరచేతిలో పెట్టుకుని, చీకట్లోకి చెయ్యి చాచాడు. అరచేతి మీద ఏదో తగిలింది... చల్లగా, మెత్తగా. చెయ్యి ఖాళీ అయింది.

లైటు వెలిగింది. లిఫ్టు మెల్లగా మూడో అంతస్తుకి చేరింది. తలుపులు తెరుచుకుంటే ఎదురుగా ముసలావిడ కాదు - భార్య. మెట్లెక్కి వచ్చిన ఆయాసంతో గుండె పట్టుకుని నిలబడింది.

"ఏమండీ... బాగున్నారా?"

అతను నేల మీద చతికిలబడ్డాడు. ఆవిడ పక్కనే కూర్చుని అంతా చెప్పింది. మత్తు దిగుతున్నప్పుడు అతను "బటన్ల వెనకాల..." అని రెండుసార్లు కలవరించాడు. ఆవిడ తమ్ముణ్ణి పిలిచింది. ఆ బామ్మర్ది బావ దగ్గర పని నేర్చుకున్నవాడే. పొద్దున్నే షీటు లాగేశాడు, రాత్రికి మోటారు గదిలో మాటు వేసి లిఫ్టుని ఆపింది కూడా వాడే. ఆవిడ కింద వాచ్‌మన్ బల్ల మీదున్న లిఫ్టు ఇంటర్‌కమ్‌లో మాట్లాడింది.

"మామూలుగా అడిగితే చెప్పేవారా?" అంది. "పన్నెండేళ్ల కాపురంలో మిమ్మల్ని నువ్వు అనడం ఇదే మొదలు. ఏమనుకోకండి."

అతనికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "చంపేశావే... అన్నీ సరే, కాలర్ సంగతి నీకెలా తెలిసింది?"

"కాలరేంటి?"

"నువ్వే కదా అడిగావు, నాయనా అని..."

భార్య అతని మొహంలోకి చూసింది. తెగిన కాలర్ వైపు చూసింది. "గోదాం సంగతి వినగానే నేను ఫోన్ పెట్టేసి మెట్లెక్కానండీ" అంది నెమ్మదిగా. "మిమ్మల్ని నాయనా అని నేనెందుకంటాను?"

తెల్లారాక బామ్మర్ది లిఫ్టంతా గాలించాడు. గోతిలోకి కూడా దిగాడు. ఒక దువ్వెన, రెండు బొత్తాలు, డాక్టరమ్మ పెన్ను దొరికాయి. మాత్రలు దొరకలేదు.

ఇదంతా జరిగి చాలాకాలమైంది. మెకానిక్ మళ్లీ వాటి జోలికి పోలేదు. బుర్ర అడిగినప్పుడల్లా ఆ అరచేతిని తొడకి రుద్దుకుంటాడట. కూతురు ఇప్పటికీ ఎప్పుడైనా వచ్చి ముక్కు దగ్గర వేలు పెడుతుంది. అతను నిద్ర నటిస్తూ, దాని వేలికి తగిలేలా గట్టిగా ఊపిరి వదులుతాడు.

ఆసుపత్రి లిఫ్టులో బల్బు నిజంగానే మార్చాడు. రెండూ పది ఏర్పాటు మాత్రం తీసేయలేదు, ఆవిడకి వేళ తప్పుతుందని. రిజిస్టర్లో అతని చేతిరాత ఇప్పటికీ చూడొచ్చు: "లోపం ఏమీ లేదు. లోపల పెద్దావిడ ఉన్నారు. చెప్పులు విడిచి ఎక్కవలెను."