మొగిలి ఊదిన మూడో పాట

కరీమాబాద్‌లోని ఆ రెండు గదుల ఇంట్లో శుక్రవారం పొద్దున్నే అనసూర్య సేమ్యా పాయసం చేసింది. కొడుకు పండరి బృందం మొదటి ఆల్బం ఆ రోజే ఫోన్లలోకి వచ్చింది. గిటార్ల మోతతో ఎనిమిది బ్లూస్‌రాక్ పాటలు. ఆ సంగీతం తలా తోకా ఆమెకు తెలియదు. మూడో పాటలో తన భర్త ట్రంపెట్ ఊదాడని మాత్రం తెలుసు. ఆ మాట వాడకట్టంతా చెప్పి వచ్చింది.

మొగిలి ముప్పై రెండేళ్లు పెళ్లి బ్యాండులో ట్రంపెట్ ఊదాడు. బరాత్ ఊరేగింపులో ఎంత గొప్పగా ఊదినా తెల్లారేసరికి అది గాలికి పోయేది. తన ఊపిరి ఒక్క పాటలోనైనా నిలిచిపోవాలని ఆయన ఆశ. ఈలోగా ముందరి పై పళ్లు నాలుగు కదిలి, చిగుళ్లకు చీము పట్టింది. వెంటనే పీకించాలని డాక్టరు చెప్పాడు. పళ్లు పోతే ట్రంపెట్ పెదవుల మీద ఆగదు. అందుకే లవంగాలు నములుతూ ఆరు నెలలు ఓర్చుకుని, హైదరాబాద్ స్టూడియోలో కొడుకు పాటకు ఊది వచ్చి, మూడో రోజు నాలుగు పళ్లూ పీకించుకున్నాడు. ఇక ఊదలేడు. అయినా దిగులు పడలేదు, పాట ఉంది కదా అనుకున్నాడు.

హైదరాబాద్ నుంచి పొద్దున్నే దిగిన పండరి మూడో పాట పెట్టాడు. ట్రంపెట్, సాక్సఫోన్, ట్రాంబోన్ ఒక్కసారిగా లేచాయి. అనసూర్య కళ్లు తుడుచుకుంది. మొగిలి చెంచా పక్కన పెట్టాడు.

"గిది నేను కాదు" అన్నాడు.

పండరి బుకాయించాడు. మిషన్లలో పడితే ఎవరి శబ్దమైనా మారుతుందన్నాడు. ముప్పై రెండేళ్లు ఊదినవాడి దగ్గర ఆ పప్పులు ఉడుకుతాయా?

"వరుస నాదే. నేను కట్టిందే. ఊదింది వేరేటోడు."

దొరికిపోయినవాడికి సిగ్గు కంటే ముందు కోపం వస్తుంది. పండరికీ అదే వచ్చింది.

"ఔ, తీసేపిచ్చిన. ఏం చెయ్యమంటవ్? పెండ్లికొడుకు గుర్రం కదిలేదాక ఊదినట్టు ఒక్క ముక్కనే తిప్పి తిప్పి ఊదితివి. స్టూడియోల అద్దం అవతల అందరు నవ్విండ్రు. నా ఆల్బంల పెండ్లి మేళం వినవడితే నా ఇజ్జత్ ఏం గావాలె?"

మేళంలో మాస్టరు చెయ్యెత్తే దాకా ఆపకూడదు. మొగిలికి తెలిసిన పని అది. ఆ రోజు ఎవరో ఒకరు చెయ్యెత్తుతారని అద్దం వైపు చూస్తూ, నోట్లో నెత్తురు ఊరుతున్నా ఊదుతూనే ఉన్నాడు. ఎత్తాల్సిన కొడుకు తల దించుకుని కూర్చున్నాడు. తర్వాత చెన్నై వాయిద్యగాళ్లను పిలిపించి, తండ్రి కట్టిన వరుసనే వాళ్లతో ఊదించాడు.

అనసూర్య ఒక్కటే అడిగింది, తండ్రి పేరన్నా పెట్టావా అని. పండరి తల అడ్డంగా ఊపాడు. గొంతు తగ్గించి, వచ్చే ఆల్బంలో మళ్లీ ఊదిస్తానన్నాడు.

"ఏ పండ్లతోని ఊదుతడురా?" అంది తల్లి. "పీకిచ్చుకున్నడని ఫోన్ల చెప్తే, సరే అని పెట్టేసినవ్. ఆర్నెల్లు పీకిచ్చుకోకుండ ఎందుకు ఆగిండో ఒక్కనాడన్న అడిగినవా?"

పండరి అప్పుడు తండ్రి ముఖంలోకి చూశాడు. పై పెదవి లోపలికి కుంగిపోయి, మనిషి పదేళ్లు పెద్దవాడిలా ఉన్నాడు.

అంతలో వాకిట్లో చెప్పుల చప్పుడు. మేళం జట్టు డ్రమ్ములాయన రాజలింగు, మరో నలుగురితో పూలదండ పట్టుకుని వచ్చాడు. మొగిలి కొడుకు చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"వాళ్లకు చెప్పకు బిడ్డా. నాదే అనుకోనీ. జర ఊకో."

పాట మళ్లీ పెట్టారు. రాజలింగు కళ్లు మూసుకుని తొడ మీద తాళం వేశాడు. ఈ ఊపిరి ఎక్కడ విన్నా గుర్తుపడతానని, మన మేళపోళ్లలో ఇంత పేరు ఎవరికొచ్చిందని పొంగిపోయాడు. దండ వేయడానికి లేచాడు.

పండరి ఇక ఒక్క క్షణం ఆగలేకపోయాడు.

"అది మా నాయిన ఊదింది కాదు" అన్నాడు ఏడుస్తూ. "మా నాయినది నేనే తీసేపిచ్చిన."

చెప్పేశాక పాపం కడిగేసుకున్నట్టు తేలికపడ్డాడు. రాజలింగుకు దండ ఏం చేయాలో తోచలేదు. పక్కన కుర్చీ మీద పెట్టి, మళ్లొస్తమన్నా అని వెళ్లిపోయాడు. మిగతా నలుగురూ మొగిలి ముఖం చూడకుండా వెనకే నడిచారు.

"నీ బరువు నువ్వు దించుకున్నవ్ కొడుకా" అన్నాడు మొగిలి. ఆయన గొంతులో కోపం లేదు. "నా పాట అప్పుడు తీసుకుంటివి. నా దోస్తుల ముంగట ఒక్క మాట మిగిలుండె. అది గూడ తీసుకుంటివి."

మొదటిసారి తన పరువు కోసం, రెండోసారి తన మనశ్శాంతి కోసం. రెండుసార్లూ తండ్రిని అడగనే లేదని పండరికి అప్పుడు తెలిసింది. ఆయన కాళ్ల మీద పడి వెక్కి వెక్కి ఏడ్చాడు. మొగిలి కాళ్లు వెనక్కి తీసుకోలేదు. ఏడవకు అని కూడా అనలేదు.