ఏడవలేక నవ్విన పిల్ల

"పేషెంటు వయసెంత?"

బాత్‌రూమ్‌లో జారిపడి, కుడి మణికట్టు విరిగి, గోడకు చేరగిలబడి మూలుగుతున్న అత్తగారి పక్కన కూర్చుని కోడలు అడిగిన మొదటి మాట అది! అడిగింది పరాయివాళ్ళను కాదు... గుమ్మంలో నిలబడ్డ తన భర్తనే!

బస్సు డ్రైవరుగా ఎన్ని ప్రమాదాలు చూసినా చలించని ఆ మనిషి ఆ మాటతో భగ్గుమన్నాడు. "పేషెంటేమిటే? మా అమ్మ! పురిటిలో నీకు నీళ్ళు పోసి, నీ బిడ్డను పెళ్ళయి వెళ్ళేదాకా గుండెల మీద పెంచిన మనిషి! మతి ఉందా నీకు?" అని అరిచాడు.

ఆమె తలెత్తలేదు. చెక్క స్కేలు పెట్టి, పాత తువ్వాలు చింపి, విరిగిన చేతికి కట్టు కట్టింది. వేళ్ళు ఇంతైనా వణకలేదు. కళ్ళల్లో చెమ్మా లేదు... అదే అత్తగారిని భయపెట్టింది. నొప్పి పళ్ళబిగువున ఓర్చుకుంటూ, "దాన్నేమీ అనకురా. మనిషైతే మన మధ్యే తిరుగుతోంది గానీ, మనసు ఎక్కడ పారేసుకుందో పాపం..." అంది.

ఒకప్పుడు ఆ కోడలు ఇలా ఉండేది కాదు. ఇరవై రెండేళ్ళుగా ఒకే ఆస్పత్రిలో నర్సు. చిన్నవాళ్ళంతా పెద్దక్కా అని పిలుస్తారు. డ్యూటీ నుంచి రాగానే పెద్ద డాక్టరు గొంతు సవరించుకోవడం, ఇంజెక్షనంటే భయపడి ఒక మీసాలాయన మంచం కింద దూరడం అనుకరించి చూపిస్తుంటే, అత్తగారు కడుపు పట్టుకుని "చాలమ్మాయ్, చచ్చిపోతాను!" అని వేడుకునేది. అలాంటిది రెండేళ్ళుగా ఆ ఇంట్లో గోడ గడియారం చప్పుడు తప్ప ఇంకేదీ వినపడటం లేదు. ముప్పై రెండు మంచాల వార్డుకు పూటకు ఇద్దరే నర్సులు. ఇన్‌ఛార్జి కనుక ఎవరు ఏ పూట రావాలో లిస్టు రాసేది పెద్దక్కే. లేని మనుషులను ఎక్కడినుంచి తెస్తుంది? ఉన్నవాళ్ళనే రెండేసి పూటలు నిలబెట్టేది. అందరికన్నా ముందు తానే నిలబడేది.

ఒకే నెలలో ముగ్గురు నర్సులు రాజీనామా చేశారు. అప్పుడు పైవాళ్ళు కనిపెట్టిన మందు... నవ్వుల యోగా! పొద్దున్నే షిఫ్టు మారే వేళ, క్యాంటీన్ పక్క హాల్లో అరగంట. రిజిస్టరులో సంతకం తప్పనిసరి.

"నవ్వితే స్టాఫు పుట్టుకొస్తారా పెద్దక్కా?" అంది పిచ్చుక. కొత్తగా చేరిన పిల్ల. సన్నగా, గలగలా, ఒక్క చోట నిలవదని అందరూ పెట్టిన పేరది.

నేర్పడానికి వచ్చింది రిటైరైన డ్రాయింగు మాస్టారు. చప్పట్లు కొడుతూ "హో హో... హా హా హా" అనేవాడు. నాలుక బయటపెట్టి సింహంలా నవ్వమనేవాడు. లేని ఫోను చెవిదగ్గర పెట్టుకుని నవ్వమనేవాడు. పద్దెనిమిది గంటలు నిలబడి కాళ్ళు వాచిన ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకుని సిగ్గుపడుతూ, తిట్టుకుంటూ, చివరికి నిజంగానే పకపకా నవ్వేవారు. పెద్దక్క మాత్రం స్తంభంలా నిలబడేది. మాస్టారు ఆమెను బలవంతపెట్టలేదు. "నవ్వు రాకపోతే మానెయ్యండమ్మా. బిగబట్టిన ఊపిరి వదలండి, చాలు," అన్నాడు. ఆ రోజు ఇంటికెళ్ళాక ఆమెకు చాన్నాళ్ళ తర్వాత ఒళ్ళు తెలియని నిద్ర పట్టింది.

అత్తగారు పడిన తొమ్మిదో రోజు.

ఆ ఉదయం పిచ్చుక అందరికన్నా గట్టిగా నవ్వింది. మాస్టారు మెచ్చుకున్నాడు. చప్పట్లు ఆగాయి... పిచ్చుక ఆగలేదు! నవ్వుతూనే ఉంది. నవ్వుతూ నవ్వుతూ వంగిపోయింది, నేలమీదికి జారింది. కళ్ళవెంట నీళ్ళు ధారలు కడుతున్నాయి. పాకుతూ వచ్చి పెద్దక్క పాదాలు పట్టుకుంది.

"పెద్దక్కా... పదకొండో మంచం తాతయ్య... ఆ నొప్పి ఇంజెక్షన్ నేను రెండుసార్లు ఇచ్చేశాను! ఐదింటికి ఇచ్చి రాయడం మర్చిపోయాను... ఆరున్నరకు మళ్ళీ ఇచ్చాను. ట్రేలో రెండు ఖాళీ సీసాలు చూశాకే తెలిసింది. ఆయన లేవటం లేదు... పక్షవాతమేమో అనుకుంటున్నారు... భయమేసి చెప్పలేదు పెద్దక్కా!"



పెద్దక్క పరిగెత్తింది! నలభై ఎనిమిదేళ్ళ వయసులో రెండంతస్తులు మెట్లెక్కి పరిగెత్తింది. స్కానింగుకు తీసుకెళ్తున్న స్ట్రెచరును అడ్డంగా పట్టుకుని ఆపింది. "డాక్టరుగారూ, మందు రెండుసార్లు వెళ్ళింది. విరుగుడు ఇవ్వండి, వెంటనే!" అంది.

విరుగుడు పనిచేసింది. తాతయ్య కళ్ళు తెరిచాడు, భార్యను గుర్తుపట్టాడు. కానీ అప్పటికే ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయో, వయసే తీరిపోయిందో... నాలుగో రోజున కన్నుమూశాడు. అది మందు వల్లనా, జబ్బు వల్లనా అన్నది ఏ డాక్టరూ తేల్చి చెప్పలేదు.

విచారణ గదిలో సూపరింటెండెంటు మెత్తగా చెప్పాడు. "ఆ పిల్ల పొరపాటని రాసెయ్యండి సిస్టర్. ఇన్నేళ్ళ సర్వీసు మీది... ఎందుకు పాడుచేసుకుంటారు?"

"పొరపాటు ఆ పిల్లదే సార్. కాదనను. కానీ మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చిన పిల్లను తెల్లారేదాకా నిలబెట్టిందెవరు? ఆ లిస్టు నా చేతిరాత. మనుషులు కావాలని నేను ఆరుసార్లు రాశాను, మీరు నవ్వుల క్లాసు పెట్టారు! ఆ క్లాసు మంచిదే సార్, అది లేకపోతే ఆ పిల్ల నోరు తెరిచేది కాదు. కానీ అది మనుషులకు బదులు కాదు. ఇదంతా రాసుకోండి, సంతకం పెడతాను."

రాసుకున్నారు. పిచ్చుకను మూడు నెలలు డ్యూటీకి దూరం పెట్టారు. పెద్దక్కను ఇన్‌ఛార్జి పదవి నుంచి తీసేసి, రోగుల ముఖమైనా కనబడని పాత ఫైళ్ళ గదికి మార్చారు.

విచారణ గదిలోంచి బయటికొస్తుంటే వరండాలో తాతయ్య భార్య ఎదురుపడింది. పెద్దక్క తప్పుకుపోలేదు. జరిగిందంతా ఆమెకు తానే చెప్పి, చేతులు జోడించింది. ముసలామె కొంగు సర్దుకుని, ముఖం తిప్పుకుని వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది!

సాయంత్రం ఇంటికొచ్చి, అత్తగారి మంచం పక్కన నేలమీద కూలబడింది. "అత్తయ్యా... నా వార్డులో ఒక మనిషి పోయాడు. ఆయన కూడా నాకు ఒక నంబరే అయిపోయాడు అత్తయ్యా! ఆ పిల్ల ముఖం పాలిపోయి ఉంటే చూసి కూడా లిస్టులో పేరు రాశాను... మిమ్మల్నే పేషెంటన్న దాన్ని, ఇంక నేనేం మనిషిని!" రెండేళ్ళ ఏడుపు ఒక్కసారి కట్ట తెంచుకుంది. ఎక్కిళ్ళతో ఆమె ఒళ్ళంతా ఎగిరెగిరి పడింది.

అత్తగారు ఎడమచేత్తో కోడలి తల నిమిరింది. "ఏడువమ్మా. ఇన్నాళ్ళూ నువ్వు నవ్వడం లేదని బెంగపడ్డాను గానీ, ఏడవటం కూడా మానేశావని ఆలస్యంగా తెలిసింది నాకు. తప్పు తప్పే తల్లీ, దాన్ని నేను తుడవలేను. దాచకుండా ముందుకొచ్చి చెప్పావు చూడు... నా కోడలు నాకు దొరికింది."

గుమ్మం దగ్గర భర్త కళ్ళు తుడుచుకున్నాడు. ఆ రోజు తను అరిచిన మాటలకు ఇప్పుడు సిగ్గేసింది.

కాసేపయ్యాక అత్తగారు అడిగింది. "ఇంతకీ ఆ పిల్ల ఇప్పుడెక్కడుంది?"

"హాస్టల్లో... గదిలో ఒక్కతే."

"ఒక్కతే ఉంచి వచ్చావా! ఇలాంటప్పుడా?"

పెద్దక్క ఉలిక్కిపడి లేవబోయింది. భర్త అప్పటికే చెప్పులేసుకుంటున్నాడు. "నువ్వు మొహం కడుక్కో. నాతో రా, నన్నొక్కణ్ణే చూస్తే ఆ పిల్ల భయపడుతుంది. దారి నువ్వు చెబుదువుగాని," అన్నాడు.

ఇద్దరూ వెళ్ళారు. గంట తర్వాత పిచ్చుక చిన్న సంచీతో ఆ ఇంట్లో అడుగుపెట్టింది. నలుగురూ ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. ఎవరూ నవ్వలేదు. అత్తగారు మాత్రం ఎడమచేత్తోనే తంటాలు పడి, ఆ పిల్ల కంచంలోకి మొదటి గరిటె వడ్డించింది.