వెనక సీట్లో మంకీ క్యాప్

పరుగు!

దేదీప్య పరిగెడుతోంది.

పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, చాచిన చెయ్యి కూడా కనిపించడం లేదు. నార్త్ కరొలైనా కొండల మీద పొద్దు గూకింది. వ్యూపాయింట్ పార్కింగ్‌లో నిలబడ్డ బస్సులన్నీ ఒక్కలాగే ఉన్నాయి. తన బస్సు ఏది?

వెనక బూట్ల చప్పుడు!

ఆమె ఆగితే అదీ ఆగుతోంది. కదిలితే అదీ కదులుతోంది.

"దేదీప్యా..."

తెలుగు గొంతు! పక్కింటి పిల్లని పిలిచినంత తాపీగా పిలుస్తోంది.

ఆ గొంతు ఎవరిదో ఆమెకి తెలుసు.

అదిగో బ్యానర్! 'మన మినీ స్కాట్లాండ్ - తెలుగు గ్రూప్ టూర్'. ఒక్క గెంతులో బస్సెక్కేస్తుంది.

"ఏమ్మా, దెయ్యాన్ని చూసినట్టు ఆ పరుగేంటి?" టూర్ నడిపే గోపాల్ అంకుల్ నవ్వుతున్నాడు.

"ఏం లేదంకుల్... చలి."

ముందు సీట్లో లీలావతి ఆంటీ. ముక్కు దగ్గర నిమ్మకాయ పెట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది. మలుపుల రోడ్డు ఆవిడకి పడదు. తమ ఊరు నేపర్‌విల్‌లో బయల్దేరిన దగ్గర్నుంచీ ఆవిడ వాంతుల కోసం బస్సు ఎన్నిసార్లు ఆగిందో! ఆవిడ భర్త వీరభద్రం గారికేమో ముందు సీట్ల ఏసీ పడదు. అందుకే చిట్టచివరి సీటు ఆయనది. జూలై నెల అని కూడా చూడకుండా మంకీ క్యాప్ తగిలించుకుని, శాలువా కప్పుకుని, కొండల్నీ లోయల్నీ గాలికొదిలేసి నిద్రపోతుంటారు.

దేదీప్య వచ్చి ఆంటీ పక్కన కూలబడుతుంది.

రాజీవ్! ఇక్కడికి ఎలా వచ్చాడు?

పోయిన వారం ఇదే గొంతు... నేపర్‌విల్ బయట అతని గ్యాస్ స్టేషన్‌లో, అదే పెట్రోల్ బంకులో. స్టోర్ రూమ్ తలుపు సందులోంచి ఆమె అంతా చూసింది. తనతోపాటు అక్కడ పనిచేసే అక్షయ్, "నీ దొంగ సరుకు సంగతి పోలీసులకి చెప్పేస్తా" అన్నాడు. రాజీవ్ చెయ్యెత్తాడు. మణికట్టుకి రాగి కడియం మెరిసింది.

ఒక్క తూటా!

అక్షయ్ మళ్ళీ లేవలేదు. రాజీవ్ తలుపు సందు వైపు తిరిగి ఆమెని చూసేసరికి ఆమె వెనక దారిన పారిపోయింది.

ఆమె ఫోన్ తీసి పోలీసుల కోసం 911 నొక్కబోయి ఆగిపోయింది. ఎఫ్-వన్ స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్ళు అలా బయట పనిచెయ్యకూడదు. నోరు విప్పితే చదువూ, వీసా... అన్నీ గోవిందా! అందుకే నోరు మూసుకుంది. ఎవరో క్యాన్సిల్ చేసుకున్న టికెట్ మీద ఈ టూర్‌లో చేరింది. ఇంతమంది అంకుల్స్, ఆంటీల మధ్య తననెవడు వెతుకుతాడులే అనుకుంది.

లీలావతి ఆంటీ ఒక కన్ను తెరుస్తుంది.

"అమ్మాయ్, మొన్న జలపాతం దగ్గర గ్రూప్ ఫోటోలో నువ్వెంత బాగా పడ్డావో! ఫేస్‌బుక్‌లో పెట్టానా... ఇహ ఫోన్లే ఫోన్లు. ప్లేనోలో మా చెల్లెలు చేసింది, మా అమ్మాయి చేసింది. అల్లుడుగారైతే బస్సు ఎక్కడెక్కడ ఆగుతుందో అన్నీ అడిగారు. మేమంటే ఎంత ప్రేమో!"

ఫోటో!

ఆ ఫోటో ఎవరెవరు చూశారో! ఎవరి చేతుల మీదుగా రాజీవ్ దాకా పోయిందో!

"అందరూ ఎక్కేశారా?" గోపాల్ అంకుల్ తలలు లెక్కపెడుతున్నాడు. "ఒక్కరు తగ్గారే!"

అప్పుడే పొగమంచులోంచి ఓ శాలువా మెట్లెక్కుతుంది. మంకీ క్యాప్, తల వంచుకున్న నడక.

"వీరభద్రం గారొచ్చేశారు! లెక్క సరిపోయింది. రైట్ రైట్!"

శాలువా చప్పుడు లేకుండా వెనక్కి వెళ్ళిపోతుంది. బస్సు కదులుతుంది. పార్కింగ్ లైట్లు మంచులో మాయమవుతాయి.

తప్పించుకుంది! దేదీప్య గుండెల నిండా ఊపిరి పీల్చుకుంటుంది.

"తల్లీ, ఈ పెరుగన్నం డబ్బా మీ అంకుల్‌కి ఇచ్చిరావూ? నేను లేస్తే కక్కేస్తాను," అంటుంది ఆంటీ. "చూస్తుండు, తిని కిమ్మనరు. నలభై ఏళ్ళ కాపురం! ఒక్కనాడు బాగుందన్న పాపాన పోలేదు."

దేదీప్య డబ్బా పట్టుకుని, సీట్లు ఆసరా చేసుకుంటూ వెళ్తుంది. వెనక లైట్లు ఆర్పేశారు. సగంమంది నిద్రలో ఉన్నారు.

"అంకుల్... పెరుగన్నం."

శాలువాలోంచి చెయ్యి బయటికొస్తుంది.

ముడతల్లేని చెయ్యి!

మణికట్టుకి రాగి కడియం!

డబ్బా జారిపోబోతుంది. ఆ చెయ్యి దాన్ని ఒడుపుగా పట్టుకుంటుంది. రెండో చేతిలో నల్లగా... పిస్టల్.

"కూర్చో."

ఆమె కూర్చుంటుంది.

"అంకుల్... అంకుల్‌ని ఏం చేశావ్?"

"వ్యూపాయింట్ బాత్రూమ్‌లో పడున్నాడు. ఊపిరి ఉంది." మంకీ క్యాప్‌లోంచి రాజీవ్ కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. "నువ్వు గొడవ చేస్తే ఎంతసేపు ఉంటుందో నాకు తెలీదు."

"నేనెవరికీ చెప్పలేదు. ఒట్టు! నా వీసా..."

"తెలుసు. అందుకే ఇన్నాళ్ళు బతికున్నావ్. కానీ భయం ఎప్పుడూ ఒకేలా ఉండదు కదా?" పిస్టల్ ఆమె పక్కటెముకలకి ఆనుతుంది. "వచ్చే స్టాప్ మీ మినీ స్కాట్లాండ్. అక్కడ ఏదో స్కాటిష్ పండగంట. జనం, చీకటి. ఇద్దరం దిగుతాం. నువ్వు మళ్ళీ బస్సెక్కవు."

కిటికీ అవతల ఏమీ లేదు... తెల్లటి మంచు, దాని కింద లోయ.

అరిస్తే? కాలుస్తాడు. అరవకపోతే? దిగాక కాలుస్తాడు. అక్కడ బాత్రూమ్ నేల మీద పెద్దాయన!

"అమ్మాయ్!" ముందునుంచి లీలావతి ఆంటీ కేక. "అంకుల్ తిన్నారా?"

పిస్టల్ గట్టిగా గుచ్చుకుంటుంది. "తిన్నాడని చెప్పు. మామూలుగా!"

ఒక్క క్షణం... ఒకే ఒక్క ఆలోచన!

"తిన్నారాంటీ! చాలా బాగుందన్నారు! మీ చేతి వంటకి తిరుగు లేదన్నారు!"

"గుడ్," అంటాడు రాజీవ్.

బస్సు మలుపు తిరుగుతోంది. ఇంకో మలుపు. ఆంటీకి అర్థమైందా? లేక మళ్ళీ నిమ్మకాయ పట్టుకుని పడుకుందా? దూరంగా స్కాటిష్ బ్యాగ్‌పైపు వాయిద్యాల మోత వినిపిస్తోంది. పండగ దగ్గరపడుతోంది. దేదీప్యకి ఏడుపొస్తోంది.

"డ్రైవర్! స్టాప్! వామిట్! వామిట్!"

కీచుమంటూ బ్రేకు! ఆవిడ ఆ మాట అన్నాక ఆపకపోతే ఏమవుతుందో మొదటిరోజే చూసినవాడు ఆ డ్రైవర్.

"మళ్ళీనా!" నిద్ర చెడినవాళ్ళు విసుక్కుంటున్నారు. తలుపు తెరుచుకుంటుంది.

రాజీవ్ కిటికీలోంచి చూస్తాడు. మంచు, చీకటి. అతనికి అంతకన్నా కావలసిందేముంది?

"ఇక్కడే దిగుదాం. నడువు. పిస్టల్ శాలువా కింద ఉంది, గుర్తుంచుకో."

సీట్ల మధ్య సన్నటి దారి. ముందు దేదీప్య, ఆమె వీపుకి ఆనుకుని మంకీ క్యాప్. అందరూ పక్కకి ఒరిగి దారిస్తున్నారు. పాపం, భార్య కోసం పెద్దాయన లేచాడనుకుంటున్నారు!

తలుపు దగ్గర మెట్లకి అడ్డంగా లీలావతి ఆంటీ నిలబడి ఉంది. చేతిలో నిమ్మకాయ లేదు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమండీ..." అని పిలుస్తుంది.

మంకీ క్యాప్ పలకదు.

ఆవిడ ఆ కళ్ళలోకి చూస్తుంది. చూస్తూనే ఉంటుంది.

"అల్లుడుగారూ... మీరా?"

దేదీప్య బుర్ర గిర్రున తిరుగుతుంది. ఫోటో... ఫోన్... ఎక్కడెక్కడ ఆగుతుందన్న ఆరా... ఈవిడ అల్లుడు! తనని పట్టుకోవడానికి సొంత మామగారినే కొట్టి వచ్చాడు!

"అత్తయ్యగారూ, తప్పుకోండి," రాజీవ్ గొంతు తగ్గిస్తాడు. "మీ అమ్మాయి మొహం చూసైనా తప్పుకోండి."

"మీ మామయ్యగారేరీ?"

"బాగానే ఉన్నారు."

"ఆయన టోపీ మీ నెత్తిన ఉంటే ఆయన బాగుండటమేంటండీ?"

టార్చ్ లైటు!

రోడ్డు మీద పండగ ట్రాఫిక్ చూస్తున్న షెరిఫ్ ఆఫీసు పోలీసు, అడ్డంగా ఆగిన బస్సుని చూసి తలుపు దగ్గరికొచ్చాడు.

"ఎవ్రీథింగ్ ఓకే, మామ్?"

రాజీవ్ ఇంగ్లీషు నున్నగా జారుతుంది. "ఫ్యామిలీ, ఆఫీసర్. మై మదర్-ఇన్-లా. షి ఈజ్ సిక్."

పోలీసు తల తిప్పి ఆంటీ వైపు చూస్తాడు. ఆవిడ తలూపితే చాలు, వెళ్ళిపోతాడు. ఒక్క తల ఊపు... కూతురి కాపురం నిలుస్తుంది.

రాజీవ్ ధీమాగా ఉన్నాడు. అల్లుడిని పోలీసులకి పట్టించిన అత్తగారు ఎక్కడైనా ఉందా?

ఆంటీకి ఇంగ్లీషు రాదు. కళ్ళనిండా నీళ్ళతో దేదీప్య వైపు తిరుగుతుంది.

"నువ్వు చెప్పు తల్లీ. నా అల్లుడని చూడకు. ఉన్నదున్నట్టు చెప్పెయ్."

వీపులో పిస్టల్. నాలుక మీద వీసా. కళ్ళముందు అక్షయ్.

వారం రోజులుగా మూసుకున్న నోరు.

"మై నేమ్ ఈజ్ దేదీప్య!" అరుస్తుంది. "ఐ వర్క్‌డ్ ఇన్ హిజ్ గ్యాస్ స్టేషన్! హి కిల్డ్ అక్షయ్! హి హ్యాజ్ ఎ గన్!"

శాలువా ఎగిరిపడుతుంది. పిస్టల్ పైకి లేస్తుంది. లీలావతి ఆంటీ రెండు చేతులతో ఆ కడియం చేతిని పట్టుకుని వేలాడిపోతుంది!

ధన్!

బస్సంతా కేకలు!

రాజీవ్ మెట్ల మీద మోకాళ్ళపై కూలిపోతాడు. భుజంలోంచి రక్తం కారుతోంది. కింద పోలీసు, పేల్చిన తుపాకీని ఇంకా దించలేదు. రాజీవ్ చేతిలోంచి జారిన పిస్టల్‌ని బూటుతో దూరంగా తన్నేస్తాడు.

దేదీప్య తడుముకుంటుంది. బతికే ఉంది.

మూలుగుతున్న అల్లుడి మీదికి లీలావతి ఆంటీ వంగుతుంది. దెబ్బ వంక చూడదు, మొహం వంక చూడదు. మంకీ క్యాప్ పట్టుకుని ఒక్క గుంజు గుంజుతుంది.

"ఇది మా ఆయనది."

దాన్ని గుండెకి అదుముకుని దేదీప్య చెయ్యి పట్టుకుంటుంది.

"బస్సు వెనక్కి తిప్పమను తల్లీ. ఆయనకి చలి పడదు."