ఎంగిలి తుడుపు

2081 నాటికి విశాఖపట్నంలో "ఏదో చెబుదామనుకుని మరిచిపోయాను" అనే మాట వినబడడం మానేసింది. ఫోన్ నంబరు ఒక్కసారి వింటే చాలు. చీటీ లేకుండా బజారుకు వెళ్లి ఉప్పు, పప్పు, చింతపండు అన్నీ తెచ్చుకునేవారు. అందరి చెవి వెనకా చింతగింజంత 'పలక' ఉండేది. ఊళ్లో మాట మరిచేవాళ్లు లేరు. అలాగే, ఒకరి మాట ఒకరు పడేవాళ్లూ లేకుండా పోయారు!

పలకను కనిపెట్టింది డాక్టర్ వకుళ. మెదడు ఒక సంగతిని కాసేపు పట్టుకునే చోటును వర్కింగ్ మెమరీ అంటారు. ఆమె దానికి 'చేతి జ్ఞాపకం' అని పేరు పెట్టింది. మామూలు మనిషికి అందులో నాలుగు సంగతులు నిలిస్తే గొప్పే. అవి న్యూరాన్లు మోగుతున్నంతసేపే ఉంటాయి, మోత ఆగితే జారిపోతాయి. పలక ఆ మోతను ఆగనివ్వదు. దానిలో ఏడు గూళ్లు. అవి నిండితే "ఏది తుడవను?" అని చెవిలో అడుగుతుంది. తుడిచేసిన మాట ఇక శాశ్వత జ్ఞాపకానికి చేరదు. చేతిలో నిలవని గింజ గాదెలో ఎలా పడుతుంది?

ఇప్పుడు ఊరంతా పలక మీద దుమ్మెత్తిపోస్తోంది. పలక ఉన్న ప్రతి ఇంట్లో కొట్లాటలే. ఎప్పుడో పడ్డ మాట ఇప్పుడే పడ్డట్టు మండుతోందట. ఇప్పుడున్న తుడుపు పద్ధతి రాసింది ఆమె తోటి సైంటిస్టు పైడిరాజు. లోపం అతనిదేనని నివేదిక మీద వకుళ సంతకం చేస్తే అతని ఉద్యోగం ఊడుతుంది. అతని ఎదుటే ఆమె కలం తీసింది కూడా.

"నీ తుడుపులోనే ఉంది లోపం," అంది పళ్లు నూరుతూ.

"తుడవమంటేనే కదక్కా తుడుస్తాది! ఒక్కసారి నీ పలకే విప్పి చూద్దాం."

"నా పలక జోలికొస్తే ఊరుకోను! నిండు సభలో నన్ను ఎంగిలి అన్నావు. ఇంకొకడి ఎంగిలి తిని సైంటిస్టునయ్యానా నేను? ఎందుకన్నావు, చెప్పు!"

"ఓలమ్మా! నేనన్నదేటి, నీకు వినబడ్డదేటి! ఎన్నిసార్లని చెప్పనక్కా? నువ్వు మొదట రాసిన పద్ధతిని ఎంగిలి తుడుపన్నాను. మా మామ్మ చెప్పేది, రాతిపలకను ఎంగిలితో తుడిస్తే తడిమీద శుభ్రంగానే ఉంటాదట, ఆరితే పాత అక్షరం మళ్లీ తేల్తాదట. న్యూరాన్ల మోత ఆపినా వాటి మధ్య అతుకుల్లో, అదే సినాప్సుల్లో, అచ్చు మిగిలిపోతాదని చెప్పడానికన్నాను. నిన్నేటైనా అన్నానా?"

ఆ మాట నిజమేనని ఆమె మనసుకు తగిలింది. తగిలిన మరుక్షణమే పలక అడిగింది: "గూళ్లు నిండాయి. ఏది తుడవను?"

ఒక గూట్లో 'ఎంగిలి' ఉంది. మిగతా ఆరింటిలో దానికి ఆమె నూరిపెట్టుకున్న జవాబులు ఉన్నాయి. ఒకదాన్ని మించి ఒకటి, అబ్బో, కత్తులే!

"కొత్తది," అంది వకుళ పెదవి కదపకుండా. అని, కళ్లెర్రజేసింది. "ఏం, నోరు పెగలదా? ఎందుకన్నావని అడుగుతున్నాను!"

పైడిరాజు ఆమె వైపు వింతగా చూశాడు. చేతులు జోడించాడు. "పోన్లే అక్కా, తప్పయిపోయింది. నలుగురిలో అలా అనకుండా ఉండాల్సింది. మన్నించు."

వాడు మంచివాడే. ఎన్ని రాత్రులు కలిసి పనిచేశారు! కలం బల్ల మీద పెట్టేసింది.

"గూళ్లు నిండాయి," అంది పలక. "ఎంగిలి తుడవనా?"

అది పోతే ఈ ఆరు జవాబులూ ఎవరికిచ్చుకోవాలి? ఇన్నాళ్ల మంట అంతా ఉత్తదేనా? ఆమె ఒళ్లు మళ్లీ భగ్గుమంది.

"దాన్ని ముట్టుకోకు. ఇప్పుడొచ్చింది తుడిచెయ్!" అంది లోలోపలే.

తుడిచేసింది. పలక ఎప్పుడూ చెప్పిన పని చేసేదే.

"ఇన్నాళ్లలో ఒక్కసారైనా," వకుళ బల్ల గుద్దింది, "ఒక్కసారైనా తప్పయిందన్నావురా నువ్వు?"

పైడిరాజు ముఖం పాలిపోయింది. ఆమె చెవి వెనకున్న పలకకేసి చూశాడు. "లోపం దొరికిందక్కా," అన్నాడు మెల్లగా.

"ఎక్కడ?"

అతను దాపరికం లేకుండా అంతా చెప్పాడు. పలక మళ్లీ అదే అడిగింది. ఆమె మళ్లీ అదే జవాబిచ్చింది.

సంతకం పెట్టి తలెత్తేసరికి తలుపు ఊగుతోంది, గదిలో ఎవరూ లేరు.

"లోపం ఎక్కడరా అంటే చెప్పకుండానే పోయాడు చూడు," అంది వకుళ కసిగా. "ఎంత పొగరు!"