మామిడికొమ్మకు వేలాడిన లినక్స్

కోతలు కోయడంలో పాకాల చుట్టుపక్కల మునిశేఖర్ తర్వాతే కొడవలి. కంప్యూటర్‌ను నడిపే లినక్స్ అలిగితే తానే బుజ్జగిస్తానని ఎంసీఏ క్లాసంతటినీ నమ్మించాడు. నమ్మనిది నవీన ఒక్కతే. ఆమె నమ్మాలనే ఆ తిప్పలన్నీ!

ల్యాబులో ఆమె ప్రాజెక్టు మెషీన్ మొరాయిస్తే, "నాకొదిలెయ్" అని హార్డ్ డిస్క్ మొత్తం తుడిచేశాడు.

"నా ప్రోగ్రాము?" అంది నవీన.

"సీడీలో రాసినా. భద్రంగా ఉండాది."

"మరి దాన్ని నడిపే ప్యాకేజీలు?"

మునిశేఖర్ దర్జాగా జేబులోంచి ఫ్లాపీ తీశాడు. "తుడిచే ముందే లిస్టు కమాండు కొట్టినా. అన్నీ ఇందులోనే ఉండాయి."

నవీన దాన్ని పక్క మెషీన్లో పెట్టి చూసింది. తెర నిండా పేర్లు. ఉత్త పేర్లు.

"ఇవి పేర్లబ్బా, ప్యాకేజీలు కావు! సరుకుల చీటీ పొయ్యి మీద పెట్టి పెళ్లివంట చేస్తావా?"

ల్యాబంతా గొల్లుమంది. మునిశేఖర్ చెవులు పండుమిరపకాయలయ్యాయి. నవ్వులను ఓర్చుకున్నాడు గానీ, ఆమె కళ్లలో తిరిగిన నీళ్లను ఓర్చుకోలేకపోయాడు. తెల్లారితే వైవా. కాలేజీలో ఇంటర్నెట్ లేదు. ఊళ్లో నెట్ సెంటరుంది గానీ, అక్కడ ఒక్క పాట దిగేలోపల పిల్లకు పెళ్లీడు వస్తుంది.

"లినక్స్ సీడీలు మా ఇంట్లో ఉండాయి, రా," అంది నవీన, మొహం చూడకుండా.

ఇంట్లో లేవు. వాళ్ల నాయన తిరుమలయ్య, తళతళమంటున్నాయి కదా అని, చిలకలను బెదిరించడానికి నిన్ననే మామిడితోటలో వేలాడదీశాడు. ఆ చిలకలా బెదిరేవి? ఉప్పూకారం వెంట తెచ్చుకొని మరీ కాయ కొరికే రకం. అప్పటికే సీడీల్లో మొహం చూసుకొని ముక్కులు దిద్దుకుంటున్నాయి.

సన్నగా వాన పట్టుకుంది. మునిశేఖర్ చెట్టెక్కాడు. రెండు సీడీలు జేబులో పడ్డాయి. మూడోది చివరి కొమ్మన.

"ఎవురబ్బా పైన? చిలకా, దొంగా?" కింద తిరుమలయ్య.

"మా క్లాసబ్బాయి నాయనా. మెషీను దానంతట అదే చెడిపోతే..." నవీన సర్దబోయింది.

తన పరువు ఆమె కాపాడుతోంది! మునిశేఖర్‌కు ఆ కొమ్మ విరిగి పడితే బాగుండుననిపించింది.

"చెడిపోలేదు పెద్దాయనా, నేనే చెడగొట్టినా. రాని పని వచ్చునన్నా."

"ఎందుకట్ల?"

"అట్లంటే... మీ పాప ఒక్కతూరి నా పక్క చూస్తాదని."

తిరుమలయ్య మీసం తుడుచుకున్నాడు.

"ఏం పాపా, సూసినావా?"

"ఇప్పుడే సూస్తా ఉండా నాయనా," అంది నవీన, తల పైకెత్తి. చినుకులు కళ్లలో పడుతున్నా రెప్ప వేయలేదు.

"అయితే దిగమను. కొమ్మ ఇరిగితే మళ్ల పుత్తూరుకు పోయి ఎముకకు కట్టు కట్టించల్ల."

సాయంత్రం ల్యాబులో ఆ మూడు సీడీలతో ముందు లినక్స్ ఎక్కింది. ఆ తర్వాత ఫ్లాపీలోని పేర్లు చూసుకుంటూ ప్యాకేజీలు ఒక్కొక్కటే ఎక్కించింది నవీన. "ఈ లిస్టే లేకుంటే ఏమేం కావాలో నాకూ గుర్తుండేది కాదులే," అంది జాలిపడి. అతను మాత్రం తలెత్తకుండా సీడీలకంటిన మామిడిసొన తుడిచి అందిస్తున్నాడు.

ప్రాజెక్టు తెర మీద తెరుచుకుంది. నవీన ఊపిరి పీల్చుకొని కీబోర్డు అతని వైపు తోసింది.

"ఇంగొక్క ప్యాకేజీ ఉండాది. నువ్వు ఎక్కించు."

మునిశేఖర్ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నాకు రాదు నవీనా."

"తెలుసులే," అంటూ ఆమె స్టూలు మీద కాస్త జరిగి చోటిచ్చింది. "కూసో, నేర్పిస్తా."