మూడుసార్లు లాగిన తాడు

"ఆనకట్ట పదకొండింటికి పేలుతుంది. బాంబ్ స్క్వాడ్ రావడానికి రెండు గంటలు. మీకున్నది యాభై నిమిషాలు." అంతే చెప్పి చీఫ్ ఫోను పెట్టేశాడు.

ఏజెంట్ తిప్పేష్ గుండ్రటి తెడ్డు పడవ, పుట్టిలోంచి ఎర్రదిబ్బ మీదికి దిగాడు. మూడు వైపులా నీలి జలాశయం. నీటిలోకి నాలుకలా చొచ్చుకుపోయిన నేల. దాని కొసన ఎన్నడో మూతపడిన బంగారు గని. ఆ గని సొరంగం ఆనకట్ట కిందికే పోతుంది. విదేశీ ముఠా బాంబు పెట్టింది అందులోనే. పేలితే నలభై కరువు పల్లెల తాగునీరు ఒక్క పూటలో ఇసుక పాలు.

వెంట నందిని ఉంది. ఏడాదిగా ముఠాలో చేరి మనకు సమాచారం పంపుతున్న డబుల్ ఏజెంట్. నల్లకళ్ళద్దాలు, పట్టు స్కార్ఫ్, టూరిస్టు వేషం. బాంబు సర్క్యూట్ చూసిన మనిషి ఆమె ఒక్కతే.

ఆమె ఒడ్డున శాటిలైట్ ఫోనులో మాట్లాడుతుండగా, పుట్టి నడిపిన నూర్ మహమ్మద్ తిప్పేష్ నడుముకు తాడు బిగించాడు. ఒకప్పుడు ఈ గనిలోకి మనుషుల్ని దింపి, ఎక్కించింది అతడే.

"దిగినాక మూడు తూర్లు లాగు. నేనూ మూడు తూర్లు లాగి బదులిస్తా. బదులు రాకుంటే పైన నేను లేనట్టే. ఈడ ముప్పై ఏండ్లు అదే పద్ధతి."

"భయమేస్తాంది చాచా."

"ఎయ్యాల. భయపడనోళ్లంతా కిందనే ఉండారు."

అరవై అడుగులు. గబ్బిలాల కంపు. కాళ్లు నేలకు తగలగానే మూడుసార్లు లాగాడు. మూడుసార్లూ బదులొచ్చింది. నాలుగడుగుల్లో బాంబు. రెండే వైర్లు, ఎరుపు, నీలం. గడియారంలో నలభై సెకన్లు.

చెవిలోని ఇయర్‌పీస్‌లో నందిని గొంతు పలికింది. "తిప్పేష్, నీలం కోయండి."

కట్టర్ నీలం వైరును తాకింది. చావబోయే ముందు ఒక మనిషి తోడు కావాలనిపించి తాడు మూడుసార్లు లాగాడు.

బదులు లేదు.

"నూర్ చాచా ఎక్కడ?"

"ఇక్కడే. తాడు పట్టుకునే ఉన్నాడు. త్వరగా."

మళ్లీ లాగాడు. తాడు చచ్చిన పాములా వదులుగా వేలాడింది. ఆమె ఒక అబద్ధమాడింది. ఆడితే రెండోది మాత్రం ఎందుకు ఆడదు?

ఐదు. నాలుగు. కళ్లు మూసుకుని ఎరుపు కోశాడు.

గడియారం ఒకటి దగ్గర ఆగింది.

ఆ చీకట్లో ఎంతసేపు కూర్చున్నాడో తెలియదు. చివరికి నడుము దగ్గర తాడు కదిలింది. ఒకటి. రెండు. మూడు.

పైన నూర్ మహమ్మద్ తలకు తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. తువ్వాలు ఎర్రగా తడిసింది. "యెనక నుంచి రాయితో కొట్టిందప్పా. నీతో మాట్లాడుకుంటానే పుట్టెక్కి పోయింది."

తిప్పేష్ నీళ్లవైపు చూశాడు. నడిమధ్యన పుట్టి ఉన్నచోటే గిరగిరా తిరుగుతోంది. నందినికి ఐదు భాషలు వచ్చు, ఏడు రకాల పిస్టళ్లు వచ్చు. తెడ్డు వేయడం మాత్రం ఆమెకు ఎవరూ నేర్పలేదు.

"పట్టుకొద్దామా చాచా?"

నూర్ మహమ్మద్ బీడీ వెలిగించాడు. "తిరగనీలేప్పా. ఇంగ నీళ్లు యాడికీ పోవు కదా."